అమ్మ దగ్గరికి వెళ్లే ముందు

చిరంజీవి బాబుకి పిన్ని ఆశీస్సులు.

ఉద్యోగానికి సెలవు పెట్టి పర్లాకిమిడి వచ్చేస్తున్నావట. లేనిపోని అనుమానాలతో భయపడుతున్న అమ్మని నేనే చూసుకుంటానన్నావని విన్న దగ్గర్నుంచి ఒకపక్క గర్వం, ఒకపక్క టెన్షన్.

రాగానే చెవులు, కళ్లు చూపించు. మూత్రం, సోడియం పరీక్షలు చేయించు. ఈ అనుమానాలు నాలుగు రోజుల్లోనే పుట్టుకొచ్చి, రాత్రయ్యేసరికి ముదురుతుంటే ముందు ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. వేసుకునే మందులన్నీ సంచిలో పెట్టుకుని బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి తీసుకెళ్లు. మతిమరుపు జబ్బు మొదలైందేమో కూడా వాళ్లే తేలుస్తారు.

మాత్రలు మాత్రం అన్నంలో కలపకు. మా అత్తగారికి డెబ్బై దాటాక, పక్కింటివాళ్లు గోడలోంచి విషప్పొగ వదులుతున్నారని అనుమానం పట్టుకుంది. మందు ముట్టేది కాదు. మా బావగారు మాత్ర పొడి చేయించి పెరుగన్నంలో కలిపించారు. రెండో ముద్దకే ఆవిడకి చేదు తగిలింది. వేలితో మెతుకులు విడదీసి, కరగని తెల్లటి పలుకు ఒకటి తీసి మా అందరికీ చూపించింది. అంతవరకు విషం పెట్టేది పక్కింటివాళ్లు. ఆ పూట నుంచి మేము! తర్వాత చాన్నాళ్లు పెంకు తీయని గుడ్డు, తొక్క వలవని అరటిపండు, అంతే. డాక్టరుగారు కొద్ది డోసే రాశారు, ఎక్కువైతే ఈ వయసులో తూలిపడతారని. ఆ కొద్దీ మా చేత్తో ఇస్తే కదా!

"అంతా నీ భ్రమ" అనకు. అలాగని "అవునమ్మా" అని తలూపకు. "నాకేం కనబడలేదు గానీ నీకు భయంగా ఉంది కదా, ఇక్కడే పడుకుంటాలే" అను. చిన్నప్పుడు జ్వరంలో గోడమీద పాము పాకుతోందని నువ్వు ఏడిస్తే, అక్క నీతో వాదించలేదురా. దీపం పెట్టి పక్కన కూర్చుంది.

నా అసలు భయం వేరే. ఎదురింటి ముసలావిడ చిల్లంగి, అదే చేతబడి, పెట్టిందని అమ్మ అంటోందట. ఆ మాట వీధిలోకి పోనీకు. భూతవైద్యం చేసే గుణియాని పిలిచావో, నీతో మాట్లాడను. వాడు ఎవరో ఒకరి పేరు చెప్పకుండా పోడు, ఆవిడ చూస్తే ఒంటరిది. మంత్రగత్తె అని ముద్రవేసి వేధిస్తే నేరమని ఒడిశాలో 2013లో చట్టమే తెచ్చారంటే ఊరికే తెచ్చారా? నువ్వే వెళ్లి, ఇది జబ్బు, మనసులో పెట్టుకోకండని ఆవిడకి చెప్పు.

అర్ధరాత్రి దిక్కుతోచకపోతే మానసిక సమస్యలకి సలహా చెప్పే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి. శనివారం నేనొస్తాను, ఆ రాత్రి నువ్వు నిద్రపో. నేనొస్తున్నట్టు అమ్మకి ముందే చెప్పు. చెప్పకుండా తలుపు కొడితే అదో కొత్త అనుమానం.

మీ పిన్ని