41 ఏళ్లకి బి.ఎడ్‌లో చేరినప్పుడు నా భయం ఎక్కడుందంటే

మీరు 38 ఏళ్లకి ఎడ్‌సెట్ (బి.ఎడ్ ప్రవేశ పరీక్ష) రాసి సీటు తెచ్చుకున్నారు, వచ్చే వారం క్లాసులు, ఇప్పుడు నిద్ర పట్టక మానేద్దామా అనిపిస్తోంది అన్నారు. మానేయకండి. నేను 41 ఏళ్లకి చేరాను, సోషల్ మెథడాలజీ (అంటే సోషల్ పాఠాలు చెప్పే పద్ధతి), డిగ్రీ అయిన 19 ఏళ్లకి. మీరు రాసిన కడుపులో తిప్పడం నాకూ అచ్చం అలాగే ఉండేది.

నా అసలు భయం వయసు కాదని ఆలస్యంగా తెలిసింది. అప్లికేషన్ నింపుతుంటేనే వేళ్లు లాగేశాయి. అన్నేళ్లలో పాల లెక్క, పిల్లల డైరీలో సంతకం తప్ప పెన్ను పట్టింది లేదు, మరి మూడు గంటల పరీక్ష ఎలా రాస్తానన్నదే లోపల తొలిచేసేది. అది తెలిశాక రోజూ రాత్రి వంటిల్లు సర్దుకుని, మా అబ్బాయి పాత నోట్‌బుక్కుల్లో మిగిలిన పేజీల్లో పేపర్ సంపాదకీయం చూసి రాసేదాన్ని. మొదట్లో అరపేజీకే బొటనవేలు నొప్పి, నెల తిరిగేసరికి నాలుగు పేజీలు. మీ భయం ఇంగ్లిష్ దగ్గర ఉండొచ్చు, కంప్యూటర్ దగ్గర ఉండొచ్చు, ఎక్కడుందో కూర్చుని వెతకండి. మొత్తంగా చదువంటేనే భయం అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

మైక్రో టీచింగ్ అని ఉంటుంది, తోటివాళ్లనే పిల్లలుగా కూర్చోబెట్టి ఐదారు నిమిషాలు పాఠం చెప్పాలి, లెక్చరర్ లోపాలు చెబుతారు, సరిచేసుకుని మళ్లీ చెప్పాలి. నాకు నైరుతి రుతుపవనాలు వచ్చింది. రెండో నిమిషానికే నోరు ఎండిపోయి మాట ఆగిపోయింది. ఏం తోచక బోర్డు వైపు తిరిగి భారతదేశ పటం గీయడం మొదలుపెట్టాను. రోజూ వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి కదా, గుజరాత్ దగ్గర మొదలైన గీత సుద్దముక్క ఎత్తకుండానే కన్యాకుమారి తిరిగి బెంగాల్ దాకా వెళ్లింది. అక్కడికి ఊపిరి అందింది, అరేబియా శాఖ, బంగాళాఖాతం శాఖ అంటూ మిగతాది చెప్పేశాను. వాక్యం చివర గొంతు పడిపోతోందన్నారు, రెండోసారి సరిచేసుకున్నాను. ఆ రోజు నుంచే నాతో చదివే పిల్లలు అక్కా అని పిలవడం మొదలుపెట్టారు, వాళ్లకి పటాలు నేను నేర్పితే, పీపీటీ చేయడం వాళ్లు నాకు నేర్పారు.

బట్టీ పాతలా పట్టదు, పైకి చదివి సొంత మాటల్లో ఎవరికైనా చెప్పండి. ఇంటి పని సంగతి మాత్రం చేరకముందే తేల్చుకోండి. ఎవరికీ ఇబ్బంది కాకూడదని నేను మొదటి నెలంతా నాలుగింటికే లేచి అన్నీ చేసి వెళ్లాను, క్లాసులో కళ్లు మూతలు పడేవి, చెప్పింది ఎక్కడం లేదని ఇంకా భయపడేదాన్ని. రాత్రి వంట మా ఆయనకి అప్పజెప్పాక సగం టెన్షన్ పోయింది. 2015 నుంచి బి.ఎడ్ రెండేళ్లు చేశారు కదా, మనలాంటివాళ్లు కుదురుకోవడానికి అది మేలే.

నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, ఫోన్ చేయండి, ఉచితమే, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంతకీ మీది ఏ మెథడాలజీ? సోషల్ అయితే చెప్పండి, నా పాత లెసన్ ప్లాన్లు ఫొటోలు తీసి పంపిస్తాను.