వెయిట్ తగ్గుతున్నప్పుడు పెళ్లి బ్లౌజ్ ఎప్పుడు ఇవ్వాలంటే

పెళ్లికి 3 నెలలుంది, 5 కిలోలు తగ్గాను ఇంకో 5 తగ్గాలి, మగ్గం వర్క్ బ్లౌజ్ ఇప్పుడే ఇవ్వాలా ఆగాలా అన్నావు కదా చెల్లీ. చీర కొనేయ్, పట్టుచీరకి సైజు గొడవ లేదు. వర్క్ కూడా ఇప్పుడే ఇచ్చెయ్, ఎలాగూ వాళ్లు బట్టని ఫ్రేముకి బిగించి ముందు వర్క్ చేస్తారు, కటింగ్, కుట్టడం అంతా తర్వాతే, పైగా ముహూర్తాల సీజన్లో వాళ్లు ఎక్కడ దొరుకుతారు. కుట్టడానికి మాత్రం పెళ్లికి 15 రోజుల ముందు కొత్త కొలతలతో ఇవ్వు.

అసలు ప్రాబ్లం నెక్ దగ్గర. దాని చుట్టూ వర్క్ ఉంటుంది కాబట్టి తర్వాత మార్చలేం, అందుకే మార్కింగ్ అప్పుడే వెడల్పు కొంచెం తక్కువ పెట్టించు, వెనక బిగించి కట్టుకోడానికి డోరి కూడా పెట్టించు. నాకు సైడ్లు ఈజీగానే పట్టేశారు కానీ భుజాలు సన్నబడి జీలకర్ర బెల్లం టైంకి నెక్ జారిపోతుంటే మా పిన్ని గబగబా పిన్నీసు పెట్టింది, ఆల్బంలో ఆ పిన్నీసు ఇప్పటికీ మెరుస్తూనే ఉంటుంది 😅

సైడ్ కుట్ల దగ్గర పూసలు వద్దని చెప్పు, అక్కడ మళ్లీ మెషీన్ వెయ్యాలంటే సూది విరుగుద్ది. లోపల బట్ట బాగా వదలమను, లూజు పట్టొచ్చు గానీ టైట్ అయితే విప్పడానికి బట్ట ఉండాలిగా. రిసెప్షన్ లెహంగా అయితే సెమీ స్టిచ్డ్, అంటే సగం కుట్టి మిగతాది మన కొలతలకి కుట్టించుకునేది తీసుకో, తగ్గుతాలే అని చిన్న సైజు మాత్రం కొనకు.