నల్లమల అడవిలోని ఫరహాబాద్‌లో దుప్పి ఎదురుగా ఉన్నా క్లిక్ కాకపోవడం: సమాధానం

లెన్సు జుయ్‌మని ముందుకీ వెనక్కీ తిరిగి, క్లిక్ పడేలోపే చుక్కల దుప్పి పొదల్లోకి పోయిందన్నారు కదా. కెమెరా పాడవ్వలేదు. మీ 150-600 లెన్సు పక్కనుండే ఫోకస్ లిమిటర్ స్విచ్ (ఎంత దూరం మేర ఫోకస్ వెతకాలో లెన్సుకు చెప్పేది) చూడండి.

1. అది 2.8–10 మీటర్ల మీదుంటే 40 మీటర్ల దూరంలోని దుప్పికి ఫోకస్ పడదు. 10 మీటర్లు–అనంతం మీద పెట్టండి. అందరూ మరిచేది ఇదే. బ్యాగులోంచి తీసేటప్పుడు రాపిడికి స్విచ్ జరుగుతుంది, పైకి కనబడదు. మన్ననూరులో జీపెక్కే ముందు వేలితో తడిమి చూసుకోండి.
2. కెమెరాలో ఏఎఫ్-సి (కదిలే జంతువు మీద ఫోకస్‌ను ఆపకుండా సరిచేసే మోడ్), ఒకే ఫోకస్ పాయింటు పెట్టి, దాన్ని దుప్పి మెడ మీద ఉంచండి. అన్ని పాయింట్లూ పెడితే ముందున్న గడ్డిని పట్టుకుంటుంది.
3. అప్పటికీ ఫోకస్ కోసం వెతుకుతుంటే, లెన్సు వెనక బంగారు రంగు కాంటాక్టులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.