మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారితో కాట్స్‌వోల్డ్స్‌లో నడక

అమ్మగారికి మోకాళ్ల నొప్పి, కారు లేదు, అయినా ఇంగ్లండ్ పల్లెటూరు చూపించాలని ఉందాండీ? కాట్స్‌వోల్డ్స్ అనే ఇంగ్లండ్ పల్లె ప్రాంతంలో బోర్టన్-ఆన్-ద-వాటర్ అనే ఊరి నుంచి లోయర్ స్లాటర్ అనే పల్లెకి నడిపించి తీసుకెళ్లండి. సుమారు 2.5 కిలోమీటర్లే, దాదాపు చదునైన దారి. లండన్ పాడింగ్టన్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్‌కి రైలు, అక్కడి నుంచి బోర్టన్‌కి బస్సు. తిరుగు బస్సు టైము మాత్రం ముందే చూసుకోండి.

పసుపు బాణం గుర్తు ఉంటే అది నడిచేవాళ్ల దారి. పొలంలోంచి వెళ్తున్నామని టెన్షన్ అక్కర్లేదు, గేటు మాత్రం మనం వచ్చేసరికి ఎలా ఉందో అలాగే వదలాలి. ఈ ఊరి పేరులో స్లాటర్ అంటే ఇంగ్లిష్‌లో వధ అనే అర్థం కాదు, బురద నేల అనే పాత మాట నుంచి వచ్చిన పేరు. వాన పడితే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది, చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి.

లోయర్ స్లాటర్‌లో ఏటి పక్కనే నడవండి. తేనెరంగు రాతి ఇళ్లు, గుమ్మాల ముందు చిన్న రాతి వంతెనలు, ఎర్ర ఇటుక పొగగొట్టంతో పాత నీటి మిల్లు. అమ్మగారిని అక్కడ కాసేపు కూర్చోబెట్టండి. ఓపికుంటేనే పక్క పల్లె అప్పర్ స్లాటర్‌కి వెళ్లండి.