50, 37.5 కలిపితే 87.5 కాదండీ

వార్‌క్రాఫ్ట్ 3 ఫ్రోజెన్ థ్రోన్ గేమ్‌లో మీ హీరోకి 10 ఆర్మర్ (దెబ్బను తగ్గించే కవచం) ఉన్నా, ఆర్చర్ల (విలుకాళ్ల) 100 డ్యామేజ్‌కి, 50, 37.5 శాతం తగ్గింపులు కలిపి తీసేస్తే మిగలాల్సిన 12.5 బదులు 31 హెచ్‌పీ (ప్రాణశక్తి) పోతోందన్నారు కదా. గేమ్‌లో తప్పేం లేదు. తగ్గింపులను కూడకూడదు, ఒకదాని తర్వాత ఒకటి గుణించాలి. ఆర్చర్లది పియర్సింగ్ (గుచ్చుకునే) రకం దాడి, హీరోల మీద అది సగమే పనిచేస్తుంది. 100 కాస్తా 50 అవుతుంది. ఆ మిగిలిన 50లోంచే ఆర్మర్ 37.5 శాతం తీసేస్తుంది, అంటే 31.25.

ఆర్మర్ పాయింట్లు మాత్రం ముందే కలిసిపోతాయి. ఉంగరం, డివోషన్ ఆరా (ఆర్మర్ పెంచే శక్తి) ఇచ్చినవన్నీ కూడి 0.06తో గుణించండి. వచ్చిన సంఖ్యకు 1 కలిపి, దానితో 1 కలపకముందున్న సంఖ్యను భాగించండి. 10కి 37.5 శాతం, 20కి దాదాపు 54.5 శాతం వస్తుంది. శాతం మెల్లగా పెరుగుతోందని ఆర్మర్ కొనడం మానకండి! ప్రతి పాయింటూ హెచ్‌పీని 6 శాతం పెంచినట్టే. 1000 హెచ్‌పీ 10 ఆర్మర్‌తో 1600 లెక్క, 20తో 2200.