దిండు సంగతి తరువాత, ముందు ఆ సిరప్ ఆపండి

ప్రశ్న: మా బాబుకు మూడు నెలలు. ఎప్పుడూ వెల్లకిలా పడుకోవడం వల్ల తల వెనుక చప్పటగా అవుతోంది. మా అత్తయ్య ఆవాల దిండు కుట్టిస్తానంటున్నారు. బోర్లా వేస్తే తల గుండ్రంగా వస్తుందంటే నాలుగు రోజులుగా అలాగే పడుకోబెడుతున్నాం. వారం నుంచి జలుబు ఉంటే, మా పెద్దపాప సిరప్ రాత్రిపూట అర చెంచా పడుతున్నాం. తెల్లవారే వరకు లేవకుండా నిద్రపోతున్నాడు. ఏ దిండు మంచిదో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, మీరు దిండు గురించి అడిగారు. నన్ను కంగారు పెట్టింది మాత్రం చివర్లో మామూలుగా రాసిన ఆ అర చెంచా సిరప్. మూడు నెలల బిడ్డ రాత్రి పాలకు కూడా లేవడం లేదంటే అది మంచి నిద్ర కాకపోవచ్చు, మందు మత్తు కావచ్చు. ఈ రోజు నుంచే ఆపండి.

సీసాలో ఏ మందు ఉందో మీరు రాయలేదు కనుక కచ్చితంగా చెప్పలేను. జలుబు సిరప్‌లలో చాలావాటిలో మత్తు కలిగించే క్లోర్‌ఫెనిరమిన్, ముక్కుదిబ్బడకు వాడే ఫినైల్‌ఎఫ్రిన్ కలిసి ఉంటాయి. ఈ మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరించింది. అయినా అక్కకు రాసిన మందు తమ్ముడికి పట్టడం నేను చూస్తూనే ఉన్నాను. అర చెంచాయే కదా అనుకోకండి. పసిబిడ్డ బరువుకు అది ఎక్కువే కావచ్చు.

నిద్రలో ముక్కుకు గుడ్డ అడ్డుపడితే బిడ్డ ఉలిక్కిపడాలి, తల తిప్పాలి, ఏడవాలి. మత్తు మందు ఆ మెలకువను మందగింపజేస్తుంది. బోర్లా పడుకోవడమూ అంతే. బోర్లా ఉన్న బిడ్డకు నిద్ర గాఢంగా పడుతుంది, సులభంగా మెలకువ రాదు. అందుకే ‘బాగా పడుకుంటున్నాడు’ అనిపిస్తుంది. ఆరోగ్యంగా కనిపించే శిశువులు నిద్రలో హఠాత్తుగా మరణించడం రెండు నుంచి నాలుగు నెలల మధ్యే ఎక్కువ. మీ బాబుది సరిగ్గా ఆ వయసు, పైగా జలుబు, మందు, బోర్లా పడక మూడూ కలిశాయి. ఏదో జరుగుతుందని అనడం లేదు, కానీ ఈ స్థితిలో మందు ఆపి, వెల్లకిలా పడుకోబెట్టడానికి ఒక్క రాత్రి కూడా ఆలస్యం చేయకండి. 1990లలో బ్రిటన్, అమెరికాలలో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశాక ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి.

వెల్లకిలా ఉంటే కక్కిన పాలు పొలమారతాయని మీ అత్తయ్యగారు భయపడుతుంటే ఈ మాట చెప్పండి: ఆ భంగిమలో శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు కిందికే జారతాయి.

ఇక దిండు. ఆవాలదైనా, దూదిదైనా మొదటి ఏడాది వద్దు. తల చప్పట చాలామందిలో పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. పడుకోబెట్టేటప్పుడు తలవైపు, కాళ్లవైపు రోజూ మారుస్తూ ఉండండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందే చాప మీద రోజుకు కొన్నిసార్లు, కాసేపు బోర్లా వేయండి. మెడ ఎప్పుడూ ఒకేవైపు తిప్పుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

మీ గదిలోనే, మీ మంచం పక్కన విడిగా, గట్టి పరుపు మీద, బొమ్మలూ బొంతలూ లేకుండా పడుకోబెట్టండి. చీరతో కట్టిన ఉయ్యాలలో గడ్డం గుండెకు ఆని ఊపిరికి ఇబ్బంది కావచ్చు. రాత్రి నిద్రకు అది వద్దు. జలుబు తగ్గేవరకే కాదు, ఆ తరువాత కూడా స్నానమయ్యాక సాంబ్రాణి పొగ వేయకండి. దోమల చక్రం బదులు దోమతెర వాడండి.

జలుబుకు పాలు పట్టే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు, తరచుగా తల్లిపాలు. చాలావరకు ఇంతే చాలు. అయినా మీరు మందు పట్టారు, జలుబు వారం దాటుతోంది, కాబట్టి ఈ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. నెలలు నిండకుండా పుట్టి ఉంటే ఆ విషయమూ చెప్పండి. బాబును చూడకుండా నేను ఇంతకంటే చెప్పడం సరికాదు. నిమిషం పాటు లెక్కపెడితే ఊపిరి 50 సార్లు, అంతకుమించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, పెదవులు నీలంగా మారినా, లేపినా సరిగా లేవకపోయినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా రాత్రనీ పగలనీ చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. సిరప్ సీసా వెంట తీసుకెళ్లండి. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు పట్టారో దాచకుండా చెప్పండి.