శ్రుతి నిలవని గిటారు: తయారీ లోపమా, సర్దుబాటు లోపమా?

ప్రశ్న: 2024 ఆగస్టు 12న హైదరాబాద్‌లో రూ.58,000 పెట్టి ట్రెమొలో (కడ్డీ నొక్కి స్వరాన్ని ఊగించే ఏర్పాటు) ఉన్న ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. కడ్డీ నొక్కి వదిలితే శ్రుతి తప్పుతోంది. చెల్లెలి పెళ్లిలో అందరి ముందూ తల కొట్టేసినట్లయింది. నవంబరులో 9 నంబరు తీగలు తీసి, వాటికంటే లావైన 10 నంబరువి వేశానని దుకాణంవారు బాధ్యత తీసుకోవడం లేదు. కొన్న పది రోజులకే వారికి వాట్సాప్‌లో చెప్పాను. పాత నంబరు తీగలు బిగించి, అసలు మార్చలేదని కేసు వేయవచ్చా? – పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పెళ్లిలో జరిగిన అవమానం కేసును గెలిపించదు, మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ వాట్సాప్ సందేశం గెలిపించవచ్చు. ట్రెమొలో బ్రిడ్జ్ (తీగల కింది చివరలు ఆనే కదిలే భాగం) ముందు తీగల లాగుడుకూ వెనక స్ప్రింగుల లాగుడుకూ మధ్య నిలుస్తుంది కాబట్టి, లావు తీగలు వేస్తే అది ముందుకు వాలుతుంది. అది సర్దుబాటుతో పోయేదే తప్ప తయారీ లోపం కాదని ఎదుటివారు తప్పక వాదిస్తారు. తీగలు మార్చకముందే అదే ఫిర్యాదు చేశారని తేదీతో సహా చూపగలిగితే ఆ వాదన చాలావరకు బలహీనపడుతుంది.

తీగలు మార్చలేదని మాత్రం ప్రమాణపత్రంలో రాయకండి. అది అబద్ధపు సాక్ష్యం, నేరం. ఆ ఒక్క మాటతో మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు. మార్చిన సంగతి ఒప్పుకుని, మొదట ఉన్న 9 నంబరు తీగలు మళ్లీ వేయించి, అనుభవమున్న టెక్నీషియన్ ఎదుట వీడియో తీయించండి. కడ్డీ కిందికి నొక్కి వదిలాక మూడో తీగ ఒక్కటే హెచ్చు శ్రుతిలో ఆగి, ట్యూనర్ (తీగ బిగించే మర) తిప్పేటప్పుడు నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర ‘టింగ్’మంటే, తీగ గాడిలో ఇరుక్కుంటున్నదని అర్థం. సన్నని 9 నంబరు తీగకూ అలాగే జరిగితే గాడి మొదటి నుంచీ సరిగా లేదనడానికి బలం వస్తుంది. ఆ గాడిని ఆకురాయితో రాయించకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ వస్తువును పరీక్షకు పంపగలదు. రాయించాక పరీక్షించడానికి మిగిలేదేమీ ఉండదు.

ఇంతకాలం ఫోన్లలోనే బతిమాలుతూ కూర్చోవడం మీ అజాగ్రత్త. సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. నోటీసు ఇచ్చినంత మాత్రాన, వారు ‘చూద్దాం’ అన్నంత మాత్రాన అది పెరగదు. బిల్లు తేదీ నుంచే లెక్కవేసుకుని, 2026 ఆగస్టు 11 దాటకుండా దాఖలు చేయండి. దాటితే, ఆలస్యానికి తగిన కారణం చూపి కమిషన్‌ను ఒప్పించాల్సి వస్తుంది.

మీరు ఉంటున్న చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు; 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. దుకాణాన్నీ తయారీదారునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, గిటారు మార్చి ఇవ్వాలని, లేదంటే సొమ్ము వాపసు చేయాలని కోరండి. సందేశాలున్న ఫోన్‌ను అమ్మకుండా, రీసెట్ చేయకుండా దాచి, వాటి ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేయండి.